విత్తనం నుంచి ఉల్లి: పెరటి తోట, మిద్దె తోటవారు తరచుగా అడిగే ప్రశ్నలు

కోస్తాలో ఉల్లిపాయ, తెలంగాణలో ఉల్లిగడ్డ, సీమలో ఎర్రగడ్డ. పేరేదైనా ఇంట్లో వేసినవాళ్ల ఫిర్యాదు మాత్రం ఒకటే: ఆకు బాగానే వచ్చింది, గడ్డ గోలీకాయంత కూడా ఊరలేదు. ఈ ఫిర్యాదుకు జవాబు గడ్డలోనే ఉంది. ఉల్లిపాయను అడ్డంగా కోసి చూడండి. కనిపించే వలయాల్లో చాలావరకు ఒక్కోటి ఒక్కో ఆకు మొదలు. గడ్డ అంటే ఉబ్బిన ఆకు మొదళ్లే తప్ప దుంపలా వేరే పుట్టేది కాదు. గడ్డకట్టే సమయం వచ్చేలోపు మొక్క ఎన్ని ఆకులు, ఎంత బలంగా వేసిందన్నదాన్ని బట్టే సైజు. విత్తనం తాజాదనం, విత్తే తేదీ, నారు వయసు గురించి కింద అంత పట్టుబట్టి చెప్పడానికి కారణం ఇదే.

కిరాణా కొట్లో అమ్మే కలోంజీ ఉల్లి విత్తనాలేనా?

కాదు. కొన్ని ప్యాకెట్ల మీద ఆనియన్ సీడ్స్ అని కూడా రాసి ఉంటుంది కానీ కలోంజీ పూర్తిగా వేరే మొక్క గింజ. రెండూ నల్లగా, మూలలు తేలి ఉండడంతో చూపుకు పోల్చుకోవడం కష్టం. వేళ్ల మధ్య నలిపి వాసన చూడండి. కలోంజీకి ఘాటైన మసాలా వాసన వస్తుంది. మొలిచాక అనుమానమే ఉండదు: ఉల్లి మొలక ఒంటి గడ్డిపోచలా లేస్తుంది, కలోంజీ రెండు చిన్న ఆకులతో లేచి తర్వాత సోంపు మొక్కలా చీలికల ఆకు వేస్తుంది. ఉల్లి విత్తనం విత్తనాల దుకాణంలోనే కొనాలి.

ఏ నెలలో విత్తాలి?

మొదటిసారి వేసేవాళ్లు రబీలోనే మొదలుపెట్టండి. అక్టోబరు రెండో పక్షం నుంచి నవంబరు మూడో వారం దాకా, అంటే చిత్త కార్తె చివర నుంచి విశాఖ కార్తె లోపు విత్తనం మట్టిలో పడాలి. డిసెంబరులో నారు నాటితే చలికాలమంతా మొక్క ఆకులు వేసుకుంటుంది. ఫిబ్రవరిలో పగలు పెరిగి ఎండ ముదిరేసరికి గడ్డ ఊరడం మొదలవుతుంది. మార్చి చివర, ఏప్రిల్‌లో తవ్వుతారు. గడ్డలు ఆరబెట్టడానికి కూడా ఆ పొడి ఎండలు అనుకూలం.

ఆలస్యమైతే ఏమవుతుంది? జనవరి చివర నాటిన మొక్కకు నాలుగైదు ఆకులు ఉండగానే ఎండలు వచ్చేస్తాయి. ఆకులు చాలవని మొక్క ఆగదు, ఉన్న నాలుగైదింటితోనే గడ్డ కట్టేస్తుంది. గోలీకాయ గడ్డలకు ఇది మొదటి కారణం.

ఖరీఫ్‌లో జూన్, జూలైలో విత్తి, జూలై చివర లేదా ఆగస్టులో నాటి, అక్టోబరు, నవంబరులో తీస్తారు. కర్నూలు వైపు రైతులకు ఇదే ముఖ్యమైన పంటకాలం. ఇంటి తోటలో మాత్రం వానకాలం నారు కుళ్లు, ఆకు తెగుళ్లు, తవ్వే సమయానికి తుపాను తేమ అన్నీ కలిసి వస్తాయి. పైన కప్పు ఉన్న చోటైతేనే ప్రయత్నించండి.

ఏ రకం తీసుకోవాలి?

రబీకి భీమా శక్తి, భీమా కిరణ్, అగ్రిఫౌండ్ లైట్ రెడ్, అర్కా నికేతన్ మంచివి. వీటిలో భీమా కిరణ్ నిల్వకు బాగా ఆగుతుంది. ఖరీఫ్‌కు అగ్రిఫౌండ్ డార్క్ రెడ్, భీమా డార్క్ రెడ్, భీమా సూపర్, అర్కా కల్యాణ్, పాతరకమైన ఎన్-53. భీమా పేరున్నవి పుణె దగ్గర రాజ్‌గురునగర్‌లోని ఉల్లి, వెల్లుల్లి పరిశోధన సంస్థవి, అర్కా పేరున్నవి బెంగళూరు హెసరఘట్ట ఉద్యాన పరిశోధన సంస్థవి.

కడప జిల్లా కృష్ణాపురం పేరుతో కేపీ ఉల్లి అని పిలిచే చిన్న గులాబీ ఉల్లి కోరుకునేవాళ్లు అగ్రిఫౌండ్ రోజ్ కోసం చూడండి. గడ్డ చిన్నదే, ఘాటు ఎక్కువ.

రకం పేరు లేకుండా 'హైబ్రిడ్ ఆనియన్' అని మాత్రమే రాసిన రంగురంగుల ప్యాకెట్లను వదిలేయండి. అది ఏ దేశపు ఏ పగటి పొడవుకు తగిన రకమో తెలియకపోతే ఆరు నెలల శ్రమ వృథా అవుతుంది. పసుపు రంగు, పెద్ద సైజు బొమ్మలున్న విదేశీ రకాల్లో చాలావాటికి గడ్డ కట్టాలంటే రోజుకు 14 గంటల పగలు కావాలి. హైదరాబాదులో డిసెంబరు చివర పగలు సుమారు 11 గంటలు, జూన్‌లో కూడా 13 గంటలు దాటి కొద్ది నిమిషాలే. అలాంటి రకం మన దగ్గర ఎన్నాళ్లు పెంచినా ఆకుగానే ఉంటుంది.

పోయినేడాది మిగిలిన విత్తనం పనికొస్తుందా?

చాలావరకు రాదు. కూరగాయల విత్తనాల్లో ఉల్లిది అతి తక్కువ ఆయుష్షు. టమాటా, వంకాయ గింజలు మూడు నాలుగేళ్లు నిలుస్తాయి. ఉల్లి విత్తనం మామూలు గదిలో, మన ఉక్కపోతలో ఏడాదికే మొలక శక్తి పోగొట్టుకుంటుంది. కొనేటప్పుడు ప్యాకెట్ మీద పరీక్ష చేసిన తేదీ, గడువు తేదీ చూడండి. దుకాణం బయట ఎండకు వేలాడదీసిన ప్యాకెట్ గడువులో ఉన్నా తీసుకోవద్దు.

ఇంట్లో ఉన్నది బతికి ఉందో లేదో తెలుసుకోవడం తేలిక. తడిపి పిండిన పేపర్ నాప్కిన్ మీద 50 గింజలు పరచి, మడిచి, మూత డబ్బాలో నీడన పెట్టండి. పదో రోజున లెక్కపెట్టండి. 35 మొలిస్తే మంచి విత్తనం (ధ్రువీకరించిన ఉల్లి విత్తనానికి ఉండాల్సిన కనీస మొలక శాతం 70). పాతిక మొలిస్తే రెట్టింపు ఒత్తుగా విత్తండి. పదిహేను లోపైతే పారేయండి. ముసలి విత్తనం మొలిచినా నారు నీరసంగా, ఎగుడుదిగుడుగా వస్తుంది.

కొత్త ప్యాకెట్లో మిగిలింది దాచాలంటే గాజు సీసాలో సిలికా జెల్ పొట్లంతో బిగించి ఫ్రిజ్‌లో పెట్టండి. బయటికి తీసినప్పుడు సీసా చల్లదనం పోయాకే మూత తీయాలి. లేకపోతే గాలిలోని తేమ గింజలకు పడుతుంది.

ఎంత విత్తనం కావాలి?

గ్రాముకు 250 నుంచి 300 గింజలు ఉంటాయి. మొలవనివి, కుళ్లేవి, ఏరేసేవి పోగా నాటదగ్గ మొక్కలు 150 దాకా వస్తాయి. 15 సెం.మీ. వరుసల మధ్య, 10 సెం.మీ. మొక్కల మధ్య వదిలి నాటితే చదరపు మీటరుకు 66 మొక్కలు పడతాయి. గడ్డ సగటున 50 గ్రాములు అనుకున్నా మూడు కిలోలకు పైనే. ఒక గ్రాము విత్తనం రెండు చదరపు మీటర్లకు సరిపోతుంది కాబట్టి 5 గ్రాముల ప్యాకెట్ పది చదరపు మీటర్లకు వస్తుంది. మిద్దె మీద అంత జాగా లేనివాళ్లు ఇద్దరు ముగ్గురు కలిసి ఒక ప్యాకెట్ పంచుకోవడం తెలివైన పని, మిగిలింది ఫ్రిజ్‌లో దాచకపోతే వచ్చే ఏటికి పనికిరాదు కదా.

నారు ఎలా పోయాలి?

అడుగు వెడల్పు, రెండడుగుల పొడవు, నాలుగంగుళాల లోతు ఉన్న ట్రే లేదా థర్మాకోల్ డబ్బా తీసుకుని అడుగున చిల్లులు పెట్టండి. రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు జల్లించిన వర్మీకంపోస్టు, ఒక పాలు కోకోపీట్ లేదా ఇసుక కలపండి. నల్లరేగడి ఒక్కటే వాడితే ఆరగానే పైన పెచ్చు కట్టి మొలకను పైకి రానివ్వదు. పచ్చి పేడ, మాగని ఎరువు నారుకు విషంతో సమానం.

మట్టి పాత కుండీలదైతే వేసవిలోనే తడిపి, పారదర్శకమైన పాలిథీన్ కప్పి మూడు నాలుగు వారాలు ఎండలో ఉంచుకోండి. నారుకుళ్లు తెచ్చే శిలీంధ్రాలు చాలావరకు ఆ వేడికి చస్తాయి.

విత్తనానికి ట్రైకోడెర్మా (కుళ్లు తెచ్చే శిలీంధ్రాలను అణచే మంచి శిలీంధ్రం) పొడి పట్టించండి. ప్యాకెట్‌కు చిటికెడు చాలు (కిలోకు 5 గ్రాముల లెక్క). దుకాణంలో కొన్న గింజలకు గులాబీ రంగో, ఆకుపచ్చ రంగో పట్టించి ఉంటే మందు శుద్ధి అయిందని అర్థం, అప్పుడు ట్రైకోడెర్మా అక్కర్లేదు. వాటిని చేత్తో తాకాక సబ్బుతో కడుక్కోండి.

పుల్లతో ట్రే వెడల్పు వెంట 5 సెం.మీ. ఎడంగా గీతలు గీయండి, 11 గీతలు వస్తాయి. గీత లోతు 1 సెం.మీ., వేలి గోరు పొడవంత. ఒక్కో గీతలో సెంటీమీటరుకొకటి చొప్పున 30 గింజలు వేసి, సన్నని కంపోస్టుతో కప్పి, అరచేత్తో మెల్లగా అదమండి. జల్లెడ మూతి ఉన్న క్యాన్‌తో నీళ్లు చల్లి, పైన తడి గోనెగుడ్డ లేదా ఎండుగడ్డి పరచండి. చల్లడం కంటే వరుసల్లో వేయడమే మేలు. కలుపు ఏదో, మొలక ఏదో వరుస వల్లే తెలుస్తుంది.

మొలకలు వంగి కొక్కేల్లా ఉన్నాయి. విత్తనం చెడిపోయిందా?

లేదు, ఉల్లి మొలిచేదే అలా. ఏడో రోజు నుంచి పదో రోజు లోపు సూది దారం మడత పెట్టినట్టు తెల్లటి కొక్కెం మట్టిని చీల్చుకుని పైకి వస్తుంది. ఒకటి రెండు రోజుల్లో ఆకుపచ్చగా మారి నిటారుగా నిలబడుతుంది. కొసకు నల్లటి విత్తన తొక్క చిన్న టోపీలా వేలాడుతూ ఉంటుంది. దాన్ని లాగకండి. లోపల మిగిలిన ఆహారాన్ని మొలక ఇంకా పీల్చుకుంటూనే ఉంటుంది, లాగితే కొస తెగుతుంది. ఆరిపోయాక తనంతట తానే రాలుతుంది.

మొదటి కొక్కెం కనబడిన రోజే గోనెగుడ్డ తీసేయాలి, అదీ సాయంత్రం పూట. రెండు రోజులు ఆలస్యమైతే నారు పాలిపోయి సన్నగా సాగుతుంది. ఆ తర్వాత రోజుకు కనీసం ఆరు గంటల ఎండ తగలాలి.

పన్నెండు రోజులైనా ఏమీ రాలేదు. ఎందుకు?

విత్తనం పాతదై ఉండాలి, లేదా రెండు సెంటీమీటర్ల కంటే లోతుకు పడి ఉండాలి, లేదా మధ్యలో ఒక్కరోజు మట్టి ఆరిపోయి ఉండాలి. ఉబ్బిన గింజ ఒక్కసారి ఎండితే మళ్లీ తడిపినా లేవదు. ఇంకో కారణం వేడి. ఉల్లి 20 నుంచి 25 డిగ్రీల మధ్య చక్కగా మొలుస్తుంది, 35 దాటితే మొండికేస్తుంది. అక్టోబరు ఎండలో సిమెంటు మిద్దె మీద ట్రే ఎంత వేడెక్కుతుందో చేయి పెట్టి చూస్తే తెలుస్తుంది. మొలిచేదాకా నీడన ఉంచండి.

చీమల్ని కూడా చూసుకోవాలి. ఉల్లి గింజల్ని వరుసకు వరుస మోసుకుపోగలవు. ట్రేను బల్ల మీద పెట్టి, బల్ల కాళ్ల కింద నీళ్ల పళ్లేలు పెడితే సరి.

నారు మొదలు దగ్గర నల్లబడి గుంపులు గుంపులుగా పడిపోతోంది.

నారుకుళ్లు. ఒత్తుగా విత్తడం, సాయంత్రం నీళ్లు పోసి రాత్రంతా తడిగా ఉంచడం, నీరు దిగని మట్టి, ఈ మూడూ దీన్ని పిలుస్తాయి. పడిపోయినచోట మట్టితో సహా తీసి దూరంగా పారేయండి. మిగిలిన భాగంలో లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి మొదళ్లు తడిసేలా పోయండి, వారం తర్వాత మరోసారి. ఇకనుంచి నీళ్లు ఉదయం పూటే, పైమట్టి ఆరాకే. ట్రైకోడెర్మా, రాగి మందు ఒకేసారి వాడకండి. రాగి ఆ మంచి శిలీంధ్రాన్ని కూడా చంపుతుంది.

నారు కొసలు కత్తిరించాలా?

ట్రేలో ఉండగా నారు పొడవై పడిపోతుంటే 10 సెం.మీ. ఎత్తుకు కత్తెరతో సరిచేయవచ్చు. నాటే రోజున పైనుంచి మూడో వంతు ఆకు కోసేయడం మామూలు పద్ధతి, వేరు కుదురుకునేదాకా ఆకు ద్వారా నీరు ఎక్కువ పోకుండా ఉంటుంది. అంతకుమించి వద్దు. ఆకు పోతే గడ్డకు వెళ్లే భోజనం పోయినట్టే.

ఎప్పుడు నాటాలి? ఎంత లోతు?

ఖరీఫ్‌లో 35 నుంచి 45 రోజులకు, రబీలో 45 నుంచి 50 రోజులకు నారు సిద్ధమవుతుంది. రోజులకంటే మొక్కను చూడండి: మూడు నాలుగు ఆకులు, పెన్సిల్ సీసంకంటే లావు, పెన్సిల్ కంటే సన్నం. సన్నపు నారు పడిపోతుంది. 60 రోజులు దాటి మొదలు ఉబ్బిన ముదురు నారు నాటితే గడ్డకు బదులు పూకాడ వేసే ప్రమాదం ఉంది.

నాటే ముందురోజు ట్రేని బాగా తడపండి. లాగొద్దు, కింద గరిటె పెట్టి మట్టితో లేపండి. వేళ్లను లీటరుకు 10 గ్రాముల సూడోమోనాస్ (మేలు చేసే బాక్టీరియా పొడి) కలిపిన నీళ్లలో పావుగంట ముంచండి. సాయంత్రం ఎండ తగ్గాక, పుల్లతో గుంత చేసి, వేళ్లు కిందికి నిటారుగా దిగేలా పెట్టి అదమండి. తెల్లటి మొదలు రెండు సెంటీమీటర్లు మాత్రమే మట్టిలో ఉండాలి. లోతుగా పాతితే గడ్డ గుండ్రంగా రాదు, సీసాలా పొడుగు సాగుతుంది. ఇంట్లో వేసేవాళ్లు ఎక్కువగా చేసే పొరపాటు ఇదే, మొక్క పడిపోతుందేమోనన్న భయంతో మెడదాకా పూడ్చేస్తారు. నాటిన రెండు రోజులు పడుకుని ఉన్నా నాలుగో రోజుకు లేస్తుంది.

కుండీ ఎంత లోతు ఉండాలి?

ఉల్లి వేళ్లు పైన ఉన్న ఆరు నుంచి ఎనిమిది అంగుళాల మట్టిలోనే తిరుగుతాయి. ఎనిమిది, తొమ్మిది అంగుళాల లోతు చాలు, వెడల్పే ముఖ్యం. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు గ్రోబ్యాగ్‌లో 12 మొక్కలు సుఖంగా పెరుగుతాయి. పాతిక ఇరికిస్తే పాతికా చిన్నవే వస్తాయి. పండ్ల క్రేట్‌కు లోపల షేడ్ నెట్ వేసినా పనికొస్తుంది. అడుగున నీరు నిలిచే టబ్ మాత్రం వద్దు.

ఎరువులు ఎంత, ఎప్పుడు?

పుణె సంస్థ సిఫారసును ఇంటి మడికి కుదిస్తే చదరపు మీటరుకు 11 గ్రాముల నత్రజని, 4 గ్రాముల భాస్వరం, 6 గ్రాముల పొటాష్, 3 గ్రాముల గంధకం. రసాయన ఎరువులు వాడేవాళ్లకు లెక్క ఇలా: నాటే ముందు 25 గ్రాముల సింగిల్ సూపర్ ఫాస్ఫేట్, 10 గ్రాముల మ్యూరేట్ ఆఫ్ పొటాష్, 9 గ్రాముల యూరియా మట్టిలో కలపాలి. నాటిన 30వ రోజు, 45వ రోజు 7.5 గ్రాముల చొప్పున యూరియా. సూపర్ ఫాస్ఫేట్‌లోనే గంధకం వచ్చేస్తుంది. ఉల్లి ఘాటుకు, కోస్తే కళ్లలో నీళ్లు తెప్పించే గుణానికి ఆ గంధకమే ఆధారం, అందుకే ఈ పంటకు డీఏపీకంటే సూపర్ మేలు.

సేంద్రియంగా పెంచేవాళ్లు చదరపు మీటరుకు మూడు నాలుగు కిలోల మాగిన పశువుల ఎరువు, 100 గ్రాముల వేపపిండి కలిపి వారం ముందే మడి సిద్ధం చేసుకోండి. 20, 35, 50 రోజులకు వేరుశనగ చెక్క నీళ్లు పోయండి: 50 గ్రాముల చెక్క లీటరు నీటిలో రెండు రోజులు నానబెట్టి, వడగట్టి, పది లీటర్లు చేసుకోవాలి.

ఏ పద్ధతైనా 60 రోజుల తర్వాత నత్రజని ఆపండి. అప్పుడు వేసిన యూరియా, జీవామృతం, చెక్క నీళ్లు ఏవైనా మెడను లావు చేస్తాయి. లావు మెడ ఆరదు, ఆరని గడ్డ నిల్వ ఉండదు.

నీళ్లు?

నాటిన వెంటనే ఒకసారి, మూడో రోజు మరోసారి. తర్వాత నేల మడికి వారం, పది రోజులకొకసారి, ఎండలు పెరిగాక ఐదారు రోజులకొకసారి. కుండీలకు రోజు విడిచి రోజు, మార్చిలో రోజూ అవసరం కావచ్చు. వేలు రెండు కణుపుల లోతు దించి చూడండి, అక్కడ తడి ఉంటే పోయొద్దు. గడ్డ ఊరే దశలో, అంటే నాటిన 60 నుంచి 90 రోజుల మధ్య, నీరు ఎగుడుదిగుడు కాకూడదు. వారం ఎండగట్టి ఒక్కసారి ముంచెత్తితే గడ్డ పగులుతుంది, లోపల రెండుగా చీలుతుంది.

తవ్వడానికి 10 నుంచి 15 రోజుల ముందు నీళ్లు పూర్తిగా ఆపేయాలి.

గడ్డ మట్టి పైకి తేలుతోంది. మట్టి ఎగదోయాలా?

వద్దు. సగం గడ్డ పైకి కనబడుతూ ఊరడం ఉల్లి స్వభావం. బంగాళాదుంపకు చేసినట్టు మట్టి ఎగదోస్తే మెడ దగ్గర కుళ్లు వస్తుంది. కలుపు కూడా చేత్తోనే తీయండి. పైపైనే ఉన్న వేళ్లు గునపానికో, పారకో తెగిపోతాయి.

ఆకుల మీద వెండి గీతల్లాంటివి వస్తున్నాయి, కొసలు వంకర తిరుగుతున్నాయి.

తామర పురుగులు. ఉల్లికి ఇంతకుమించిన శత్రువు లేదు. ఎర్రటి ఎండలో ఆకు మీద వెతికితే కనబడవు. మధ్య ఆకులు రెండిటినీ బొటనవేళ్లతో మెల్లగా విడదీసి, మొదలు దగ్గరి ఇరుకులోకి చూడండి. లేత పసుపు రంగులో, రవ్వకంటే సన్నగా, అటూ ఇటూ పాకుతూ కనిపిస్తాయి. ఆకును గీకి రసం పీలుస్తాయి, గీకినచోటు ఆరి వెండిలా మెరుస్తుంది. మొక్కకు పది దాకా ఉంటే ఉండనివ్వవచ్చు. అంతకుమించితే ఊరుకోకూడదు, ఇవి వైరస్ తెగులును కూడా మోస్తాయి.

లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, కాస్త కుంకుడు రసం కలిపి, సాయంత్రం, ఆకుల సందుల్లోకి దిగేలా కొట్టండి. ఆకు మీద మాత్రమే తడిపితే ఫలితం సున్నా. వారానికొకసారి చొప్పున మూడుసార్లు. నీలి రంగు జిగురు అట్టలు మొక్కల ఎత్తులో కట్టండి, తామర పురుగు పసుపుకంటే నీలానికి బాగా వస్తుంది. మిద్దె తోటలో పైపుతో గట్టిగా నీళ్లు కొట్టి పురుగుల్ని కడిగేయడం కూడా బాగా పనిచేస్తుంది, ఉదయం పూట చేస్తే ఆకు వెంటనే ఆరుతుంది. వాన జల్లులు పడ్డ వారం ఈ పురుగు తగ్గేది ఇందుకే.

ఆకు మీద ఊదారంగు మచ్చలు?

ముందు చిన్న తెల్లటి మచ్చ, తర్వాత మధ్యలో ఊదా రంగు, చుట్టూ పసుపు అంచు, చివరికి ఆ చోట ఆకు విరిగి వాలుతుంది. దీన్ని ఊదామచ్చ తెగులు అంటారు. మంచు, మబ్బు, తడి ఆకు దీనికి అనుకూలం. తామర పురుగు గీకిన గాయాలు దీనికి దారి. ఆ ఆకులు కోసి తీసేయండి, మొక్కల మీద నుంచి నీళ్లు పోయడం మానండి. పెరుగుతుంటే లీటరుకు 2.5 గ్రాముల మాంకోజెబ్, తప్పనిసరిగా జిగురు మందుతో కలిపి. ఉల్లి ఆకు మీద మైనపు పూత ఉంటుంది, జిగురు లేకపోతే మందు ముత్యాల్లా జారిపోతుంది. మందు కొట్టిన మడిలో ఉల్లికాడలు కోసుకుని వండుకోవద్దు.

కొసలు మాత్రమే ఒక అంగుళం మేర ఎండుతుంటే అది తెగులు కాకపోవచ్చు. నీటి ఎద్దడి, ఉప్పు బోరు నీళ్లు, లేదా ఎరువు ఎక్కువ కావడం చూసుకోండి.

మొక్క మధ్యలో నుంచి బోలు కాడ లేచి మొగ్గ పెట్టింది. ఏం చేయాలి?

అది పూకాడ. ఉల్లి రెండు దశల మొక్క: మొదటి కాలంలో గడ్డ, చలి తగిలాక పువ్వు. లావైన మొక్కకు వారాల తరబడి చలి తగిలితే మొదటి కాలంలోనే పూతకు వెళ్తుంది. ఆదిలాబాద్, అరకు వైపు జనవరి చలిలో ఇది ఎక్కువ. ముదురు నారు నాటినా, మరీ ముందుగా విత్తినా ఇంతే. కాడను మొదట్లోనే విరిచేయండి, దాన్ని కూరలో వాడుకోవచ్చు. ఆ గడ్డ మధ్యలో గట్టి కాడ ఉంటుంది కాబట్టి నిల్వ ఉండదు, ముందు వాడేయండి.

నాలుగు నెలలైనా ఆకులే, గడ్డ లేదు.

నాలుగు కారణాలు వరుసగా చూసుకోండి. మన పగటి పొడవుకు సరిపడని రకం. నీడ: రోజుకు ఆరు గంటల ఎండ లేని బాల్కనీలో ఉల్లికాడలే వస్తాయి, గడ్డలు రావు. నత్రజని ఎక్కువై, ఆకు కరివేపాకులా నల్లటి ఆకుపచ్చగా ఉండడం. ఒత్తుగా ఉండడం. రకం, నీడల విషయంలో ఇప్పుడు చేయగలిగింది లేదు, కాడలు కోసుకు తినడమే. మూడో, నాలుగో కారణమైతే ఎరువు ఆపి, ఒకటి విడిచి ఒకటి లేతగా పీకేస్తే మిగిలినవి ఊరతాయి.

ఎప్పుడు తవ్వాలి? మెడలు తొక్కమంటారు కదా?

సగం మొక్కల ఆకులు మెడ దగ్గర మెత్తబడి వాటంతట అవే పక్కకు వాలినప్పుడు. గడ్డకు ఇక ఆకు అవసరం లేదన్న గుర్తు అది. కొందరు కాలితో తొక్కి పడేస్తారు. ఇంటి తోటలో ఆ అవసరం లేదు, తొక్కినప్పుడు చిట్లిన మెడలోంచే కుళ్లు లోపలికి పోతుంది. అన్నీ వాలేదాకా ఆగితే మొదట వాలిన గడ్డలు మట్టిలోనే పైపొర కోల్పోతాయి, మళ్లీ వేళ్లు వేయడం మొదలుపెడతాయి.

తవ్వాక నిల్వ ఎలా?

ఆకులతో సహా మూడు నుంచి ఐదు రోజులు మడిలోనే వరుసగా పరచండి. ఒకదాని ఆకులు పక్క వరుస గడ్డలను కప్పాలి. గడ్డకు నేరుగా ఏప్రిల్ ఎండ తగిలితే ఉడికినట్టు మెత్తబడుతుంది. తర్వాత రెండు, రెండున్నర సెం.మీ. మెడ వదిలి ఆకు కోసేసి, గాలి ఆడే నీడలో మరో 10 నుంచి 12 రోజులు. మెడ నొక్కితే తడి తగలకూడదు, పైపొర గలగలలాడాలి. మెడ మొదలుకంటా కోస్తే సీసాకు మూత తీసినట్టే, తేమ, బూజు నేరుగా లోపలికి దిగుతాయి.

జంట గడ్డలు, లావు మెడవి, దెబ్బ తగిలినవి, పూకాడ వేసినవి పక్కన పెట్టి ముందు వండుకోండి. మిగిలినవి వల సంచిలో లేదా వెదురు బుట్టలో వేలాడదీయండి. ఆలుగడ్డలతో కలపొద్దు, ఫ్రిజ్‌లో పెట్టొద్దు. బాగా ఆరిన రబీ గడ్డలు నాలుగైదు నెలలు ఉంటాయి, ఖరీఫ్‌వి నెల రోజుల్లో వాడేయాల్సిందే. పొరల మధ్య మసి లాంటి నల్ల బూజు కనిపిస్తే ఆ గడ్డను తీసేయండి, వానకాలం ఉక్కకు పక్కవాటికి పాకుతుంది.

మొలకెత్తిన ఉల్లిపాయ పాతితే గడ్డలు వస్తాయా?

ఉల్లికాడలు వస్తాయి, ఆ తర్వాత పూకాడ. గడ్డ మధ్యలో రెండు మూడు మొగ్గలు ఉంటే విడివిడి పిలకలుగా చీలి చిన్నవి రావచ్చు కానీ దాన్ని నమ్ముకుని మడి వేయలేం. సాంబారు ఉల్లి సంగతి వేరు, దాన్ని ఎక్కువగా పాయలతో నాటుతారు.

సొంత విత్తనం కట్టుకోవచ్చా?

కట్టుకోవచ్చు, ఏడాదిన్నర ఓపిక ఉంటే. ఏప్రిల్‌లో తీసిన వాటిలో మంచి ఆకారం, సన్న మెడ, ఒంటి మొగ్గ ఉన్నవాటిని అక్టోబరు దాకా నిల్వ ఉంచండి. చెడకుండా నిలిచినవే విత్తనానికి అర్హమైనవి. కనీసం పది గడ్డలు అడుగు దూరంలో నాటండి. ఒక పువ్వులో పుప్పొడి ముందు రాలి, కీలాగ్రం తర్వాత సిద్ధమవుతుంది కాబట్టి పక్క పువ్వుల పుప్పొడి కావాలి, అది తేనెటీగలే మోయాలి. పూత సమయంలో ఏ పురుగు మందూ కొట్టకండి. అర కిలోమీటరు లోపు వేరే రకం పూస్తుంటే విత్తనం కలగాపులగం అవుతుంది. హైబ్రిడ్ గడ్డల నుంచి తీస్తే తల్లిలాంటివి రావు. తలలో కొన్ని కాయలు పగిలి నల్లటి గింజలు కనబడగానే తల కోసి, కాగితపు సంచిలో ఆరబెట్టి, నలిపి, చెరగండి.

అమెరికా, బ్రిటన్‌లో ఉన్నాం. ఇండియా రకం వేయొచ్చా?

లండన్‌లో ఏప్రిల్ వచ్చేసరికే పగలు 13 గంటలు దాటుతుంది. మన రకానికి అది గడ్డకట్టమన్న పిలుపు. అప్పటికి దానికి నాలుగు ఆకులే ఉంటాయి, గోలీకాయలు తేలతాయి. అక్కడ జనవరిలో ఇంట్లో విత్తి ఏప్రిల్‌లో బయట నాటే దీర్ఘ పగటి రకాలే వేసుకోవాలి, ఐల్సా క్రెయిగ్ లాంటివి. న్యూజెర్సీలో కూడా దీర్ఘ లేదా మధ్యరకం పగటివే. టెక్సస్ అయితే మన పద్ధతికి దగ్గర: స్వల్ప పగటి రకాలను శరదృతువులో విత్తుతారు. అక్కడి ప్రసిద్ధ రకం 1015కి ఆ పేరు అక్టోబరు 15న విత్తడం వల్లే వచ్చింది, మన చిత్త కార్తెతో సరిగ్గా కలుస్తుంది. విత్తనాలు సంచిలో వేసుకుని విమానం ఎక్కకండి. అమెరికాలోకి విత్తనాలు తేవాలంటే మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం లాంటి పత్రాలు కావాలి, లేకపోతే విమానాశ్రయంలోనే తీసేసుకుంటారు. అక్కడి దుకాణంలో ప్యాకెట్ వెనక షార్ట్ డే, లాంగ్ డే అన్న మాట చూసి కొనుక్కోండి.